రోగం పేరుకు తోకే ఆనవాలు

డిశ్చార్జి కార్డు, స్కానింగ్ రిపోర్టు, మందుల చీటీ. ఇవి చదవబోయి ఎక్కడ ఆగిపోయారో అక్కడే ప్రశ్నగా రాసి పంపమని అడిగాం. వచ్చిన ఉత్తరాలు చాలావరకు మాట చివరనే చిక్కుకున్నాయి. అది మంచి చోటే. మన ఊళ్ల పేర్లూ అంతే కదా: హనుమకొండ, నర్సంపేట, భూపాలపల్లి. చివరి ముక్క అది కొండో పేటో పల్లో చెబుతుంది, మొదటి ముక్క ఎవరిదో చెబుతుంది. వైద్యం పేర్లలో మొదటి ముక్క ఒంట్లో చోటు చెబుతుంది, చివరి ముక్క అక్కడ ఏం జరిగిందో చెబుతుంది. అయితే భూపాలపల్లి ఇప్పుడు పల్లె కాదు, జిల్లా కేంద్రం. అలాంటి పేర్లు ఇక్కడా ఉన్నాయి, వాటినీ చూద్దాం.

ప్రశ్న: మా బాపుకు పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ చేశారు. కార్డు మీద ల్యాపరాటమీ, ఇలియాస్టమీ అని రెండు రాశారు. మా చిన్నాయనకు అంతకుముందు అపెండిసెక్టమీ అయింది. అన్నీ టమీలే. మూడూ ఒకటేనా? పొట్ట మీద పెట్టిన సంచి ఎప్పటికీ ఉంటుందా?
(పరకాల)

జవాబు: ఒకటి కాదు. 'టమీ' ముందున్న అక్షరాన్ని పట్టుకోండి. 'క్' ఉంటే తీసేశారు. 'స్' ఉంటే కొత్తగా నోరు పెట్టారు. రెండూ లేకుంటే కోసి తెరిచారు, అంతే.

అపెండిసెక్టమీలో 'క్' ఉంది: అపెండిక్స్ తీసేశారు. పిత్తాశయం తీస్తే కోలిసిస్టెక్టమీ, రొమ్ము తీస్తే మాస్టెక్టమీ. ల్యాపరాటమీలో క్ లేదు, స్ లేదు: పొట్ట కోసి లోపల చూశారు. లోపల ఏం చేశారన్నది ఆ మాట చెప్పదు, పక్కన రాసిన రెండో మాట చెబుతుంది. ఆ రెండోది ఇలియాస్టమీ. 'స్టోమా' అంటే గ్రీకులో నోరు. చిన్నపేగు చివరి భాగమైన ఇలియమ్‌ను పొట్ట మీదికి తెచ్చి అక్కడ నోరు పెట్టారన్నమాట. పెద్దపేగుతో చేస్తే కొలాస్టమీ, గొంతులో గాలిగొట్టానికి చేస్తే ట్రేకియాస్టమీ.

సంచి విషయానికొస్తే, చిల్లుపడిన పేగు మానేదాకా పెట్టిన ఇలియాస్టమీని మామూలుగా రెండు మూడు నెలలకు మళ్లీ లోపల కలిపేస్తారు. మనిషి కోలుకున్న తీరును బట్టి అది ముందో వెనకో అవుతుంది. మీ కార్డులో 'టెంపరరీ' అని గానీ 'లూప్' అని గానీ ఉందేమో చూడండి. ఉంటే అది మళ్లీ మూసే ఉద్దేశంతో పెట్టినదే అయి ఉంటుంది.

అప్పటిదాకా ఇంట్లో జాగ్రత్తలు. స్టోమా ఎర్రగా లేదా గులాబీ రంగులో, నోటి లోపలి చర్మంలా తడిగా ఉండాలి. దానికి నొప్పి తెలియదు కాబట్టి నొప్పి లేదని ధైర్యపడొద్దు. రంగు నల్లబడినా ఊదాగా మారినా ఆ గంటలోనే దవాఖానకు పోవాలి. సంచి అట్టకు కత్తిరించే రంధ్రం స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. సులువుగా తొడగవచ్చని పెద్దగా కత్తిరిస్తారు, ఆ సందులోంచి పేగు రసం కారి చర్మం పుండవుతుంది. చిన్నపేగు రసంలో అరుగుదల ఎంజైములు ఉంటాయి, అవి చర్మాన్నీ అరిగిస్తాయి. మొదట్లో ఉబ్బు ఉండి తర్వాత స్టోమా చిన్నదవుతుంది, అందుకే వారానికోసారి కొలత చూసుకోవాలి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయండి. నిండేదాకా ఆగితే బరువుకు అట్ట ఊడుతుంది. రోజుకు లీటరున్నరకు మించి నీళ్లలా పోతుంటే ఒంట్లో ఉప్పు, నీరు తగ్గిపోతాయి. ఓఆర్‌ఎస్ తాగిస్తూ డాక్టర్‌కు చూపించండి, ఉత్త నీళ్లు మాత్రమే తాగిస్తే చాలదు.

ప్రశ్న: మా అక్కకు 41 ఏళ్లు. గర్భసంచి తీశారు. కార్డులో 'టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ' అని ఉంది. పక్క మంచం ఆమెకు టీఏహెచ్ ఒక్కటే రాశారు. టోటల్ అంటే మొత్తం పోయినట్టే కదా, మళ్లీ ఆ బీఎస్‌ఓ ఏంది?
(నర్సంపేట)

జవాబు: చాలామంది పొరపడేది ఈ 'టోటల్' దగ్గరే. టీఏహెచ్ అంటే టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ. పొట్ట కోసి గర్భసంచిని, దాని ముఖద్వారంతో సహా తీశారని అర్థం. ఆ టోటల్‌లో అండాశయాలు లేవు. బీఎస్‌ఓ అంటే బైలేటరల్ సాల్పింగో ఊఫోరెక్టమీ: రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీశారు. కాబట్టి పక్క మంచం ఆమెకు నెలసరి ఆగినా అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. మీ అక్కకు మాత్రం ముట్లుడిగే దశ ఆపరేషన్ రోజే మొదలైంది.

అందుకే ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. అంతకన్నా ముఖ్యం, కళ్లకు కనబడనిది, ఎముకలు త్వరగా పలచబడటం. డాక్టర్‌ను మూడు అడగండి: అండాశయాలు ఎందుకు తీశారు, హార్మోన్ మాత్రలు వాడవచ్చా, ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించాలి. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపిన రిపోర్టు పదిరోజుల్లో వస్తుంది. దాన్ని తీసుకోకుండా ఊరికి వచ్చేసేవాళ్లు చాలామంది.

సబ్‌టోటల్ అని రాస్తే ముఖద్వారం మిగిలి ఉందని అర్థం. అలాంటివాళ్లకు ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు ఆపకూడదు. 'సంచి తీసేశారు కదా' అని ఆపేస్తుంటారు.

మరో మాట. ట్యూబెక్టమీలోనూ 'క్' ఉంది కానీ కు.ని. ఆపరేషన్‌లో మామూలుగా ట్యూబు మొత్తం తీయరు. చిన్న ముక్క కోసి కడతారు, ల్యాప్రోస్కోపీలో అయితే ఉంగరం వేసి వదిలేస్తారు. పేరు పెద్దది, పని చిన్నది.

ప్రశ్న: మా కొడుకు మూడేళ్లవాడు, గజ్జల్లో హెర్నియా. హెర్నియాటమీ చేస్తామన్నారు. మా మామయ్యకు జాలీ వేశారు, ఆయనది హెర్నియోప్లాస్టీ. పిల్లవాడికి జాలీ వేయకుండా తక్కువ ఆపరేషన్ చేస్తున్నారా? మా ఊళ్లో దీన్నీ బుడ్డ అనే అంటారు.
(జమ్మికుంట)

జవాబు: తక్కువది కాదు, పిల్లలకు అదే సరైనది. పిల్లల్లో కండ గట్టిగానే ఉంటుంది, పుట్టుకతో మూసుకుపోవాల్సిన సంచి ఒకటి తెరిచి ఉండిపోతుంది. దాన్ని కోసి కట్టేస్తే చాలు: ఆటమీ. పెద్దవాళ్లలో కండే పలచబడి ఉంటుంది. సొంత కండనే దగ్గరికి లాగి కుడితే హెర్నియోరాఫీ, 'రాఫీ' అంటే కుట్టు. లాగి కుట్టిన చోట బిగువు ఉంటుంది కాబట్టి మళ్లీ ఊడే అవకాశం ఎక్కువ. అందుకని జాలీ పెట్టి గోడను బాగుచేస్తారు, అది ప్లాస్టీ. 'ప్లాస్టీ' అంటే ప్లాస్టిక్ పెట్టడం అనుకోవద్దు. మలచడం, తీర్చిదిద్దడం అని దాని అర్థం. ప్లాస్టిక్ అన్న మాట కూడా ఆ మూలం నుంచి వచ్చిందే.

బుడ్డ అనే మాటతో చిక్కు ఉంది. హెర్నియానూ, వరిబీజాన్నీ, అంటే హైడ్రోసీల్‌నూ ఆ ఒక్క పేరుతోనే పిలుస్తాం. 'సీల్' అంటే ఉబ్బు: హైడ్రోసీల్ నీటి ఉబ్బు, వేరికోసీల్ ఉబ్బిన నరాల ముద్ద. హైడ్రోసీల్ తొందరపెట్టదు. హెర్నియా మాత్రం లోపలికి పోకుండా గట్టిగా బిగుసుకుని, నొప్పితో వాంతులు మొదలైతే పేగు ఇరుక్కున్నట్టే. తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రశ్న: మా చెల్లెలికి 22 ఏళ్లు. రొమ్ములో గడ్డ ఉంటే పరీక్ష చేసి ఫైబ్రోఅడినోమా అని ఇచ్చారు. 'ఓమా' అంటే క్యాన్సర్ అని ఎవరో చెప్పారు. అమ్మ అన్నం తినడం లేదు.
(కాజీపేట)

జవాబు: అమ్మను తినమనండి. 'ఓమా' అంటే గడ్డ, ముద్ద. క్యాన్సర్ అని కాదు. ఫైబ్రో అంటే పీచు, అడినో అంటే గ్రంథి: పీచూ గ్రంథీ కలిసిన గడ్డ. ఆ వయసు అమ్మాయిల్లో చాలా మామూలు, వేలితో తోస్తే చర్మం కింద గోలీలా జారుతుంది. క్యాన్సర్ కాదు. పెరుగుతోందా లేదా అని డాక్టర్ చెప్పిన గడువుకు చూపిస్తే చాలు.

చెడ్డ గడ్డలకు సాధారణంగా తోక ఇంకా పొడుగ్గా ఉంటుంది: కార్సినోమా, సార్కోమా. లైపోమా కొవ్వు గడ్డ. హెమటోమా అంటే దెబ్బ తగిలి లోపల గడ్డకట్టిన రక్తం. గ్లకోమాలో అయితే గడ్డే లేదు. అది నీటికాసులు, కంటి నరం దెబ్బతినే జబ్బు. కన్ను నీలాకుపచ్చగా కనిపిస్తుందని గ్రీకులు పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. పల్లె కాని భూపాలపల్లి లాంటిదన్నమాట.

ఎదురు దిక్కున ఉన్న ఉచ్చు దీనికన్నా ప్రమాదం. లింఫోమా, మెలనోమా, మైలోమా వినడానికి లైపోమా అంత సాధువుగా ఉంటాయి, కానీ మూడూ క్యాన్సర్లే. రక్త క్యాన్సర్ అయిన ల్యుకీమియాకైతే ఓమా తోకే లేదు. కాబట్టి గడ్డ రిపోర్టులో తోక ఒక్కటీ చూసి తీర్పు చెప్పొద్దు. అడుగున 'ఇంప్రెషన్' అన్న చోట బినైన్ (క్యాన్సర్ కాదు) అని ఉందా, మాలిగ్నెంట్ (క్యాన్సర్) అని ఉందా చూడండి. అనుమానం ఉండి రెండో డాక్టర్‌కు చూపించాలంటే రిపోర్టు కాగితం చాలదు. ల్యాబ్‌లో గాజు పలకలు, ముక్కను దాచిన మైనపు దిమ్మె ఉంటాయి, అడిగి తీసుకుపోండి.

ప్రశ్న: మా నాయిన బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఎక్స్‌రే రిపోర్టులో న్యుమోకోనియోసిస్ అని రాసి, పక్కన 1/1 అని ఉంది. ట్యూబర్‌కులోసిస్ (టీబీ) లాగే ఇది కూడా ఓసిస్ కదా, అంటుకుంటుందా? పిల్లలను దగ్గరికి పోనియ్యడం లేదు.
(భూపాలపల్లి)

జవాబు: పోనివ్వండి. న్యుమో అంటే ఊపిరితిత్తి, కోనిస్ అంటే దుమ్ము, ఓసిస్ అంటే స్థితి. దుమ్ముపట్టిన ఊపిరితిత్తి, అంతే. దుమ్ము అంటుకోదు. ఓసిస్ అన్న తోక అంటువ్యాధా కాదా అన్నది చెప్పదు. అరిగిన మెడ ఎముక స్పాండిలోసిస్, గట్టిపడిన కాలేయం సిర్రోసిస్, ఇవీ ఓసిస్‌లే.

1/1 తేదీ కాదు, భిన్నమూ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతిలో ఎక్స్‌రే మీద చిన్న మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో 0 నుంచి 3 దాకా గుర్తిస్తారు. మొదటి అంకె చదివిన డాక్టర్ నిర్ణయం, రెండోది ఆయన పక్కన ఆలోచించిన అంకె. 1/1 అంటే ఒకటేనని ఖాయంగా చెప్పారు, 1/0 అయితే సున్నా కావచ్చేమోనని కూడా చూశారు. ఇది చట్టం కింద నోటిఫై చేసిన, అంటే అధికారికంగా గుర్తించిన వృత్తివ్యాధి. అందుకే రిపోర్టుతో పాటు అసలు ఫిల్మును, పనిచేసిన ఏళ్ల కాగితాలనూ భద్రంగా దాచండి. బాయిలో రాతిపొడి కూడా పీల్చి ఉంటే సిలికోసిస్ రావచ్చు, అది ఉన్నవాళ్లకు టీబీ సులువుగా పట్టుకుంటుంది. కాబట్టి దగ్గు రెండు వారాలు దాటినా, సన్నబడినా, సాయంత్రం జ్వరం వచ్చినా తెమడ పరీక్ష చేయించాలి. పొగ తాగుతుంటే మాన్పించండి.

మెడనొప్పి రాగానే అందరూ స్పాండిలైటిస్ అంటారు, అసలు ఉన్నది తరచుగా స్పాండిలోసిస్. 'ఐటిస్' అంటే ఒంట్లో ఎక్కడైనా ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి కలిసి రావడం. తెలుగులో దీన్ని వాపు అనేస్తాం, కాలికి నీరు పట్టినా వాపే అంటాం. అక్కడే గందరగోళం. ఐటిస్ ఉందంటే క్రిమి ఉందనీ కాదు. టాన్సిలైటిస్ వైరస్‌తోనూ వస్తుంది, క్లోమానికి వచ్చే ప్యాంక్రియాటైటిస్ ఎక్కువగా మద్యంతోనో పిత్తాశయ రాళ్లతోనో వస్తుంది. ప్రతి ఐటిస్‌కూ ఆంటీబయాటిక్ కావాలని ఆర్‌ఎంపీ దగ్గర పట్టుబట్టకండి.

ప్రశ్న: డెంగీ రిపోర్టులో థ్రాంబోసైటోపీనియా అని ఉంది. ఎమియా, యూరియా, పీనియా... అన్నీ ఒకే పాట లాగున్నాయి.
(జగిత్యాల)

జవాబు: పీనియా అంటే గ్రీకులో పేదరికం. థ్రాంబోసైట్లు అంటే ప్లేట్‌లెట్లు, వాటికి కరువొచ్చింది. మామూలుగా మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు ఉంటాయి. డెంగీలో అంకె ఒక్కటే చూసి భయపడొద్దు. పొట్టలో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మనిషి మగతగా పడిపోవడం, ఇవి అంకె కన్నా పెద్ద హెచ్చరికలు. అవి జ్వరం దిగిన రోజునే మొదలవుతుంటాయి.

ఎమియా అంటే రక్తంలో, యూరియా అంటే మూత్రంలో. హిమటూరియా అంటే మూత్రంలో రక్తం. దాన్ని తిరగేస్తే యురీమియా, రక్తంలో మూత్రపు మలినాలు, అంటే కిడ్నీలు చాలా దెబ్బతిన్నాయి. రెండు మాటల్లోనూ రక్తం, మూత్రం ఉన్నాయి, చివర ఏది ఉందో అదే పాత్ర. ఇంకొకటి, తోక ఒకటే అయినా తల మారితే ప్రాణం మీదికి వచ్చే జత: హైపోగ్లైసీమియా, హైపర్‌గ్లైసీమియా. హైపో అంటే షుగర్ పడిపోయింది, హైపర్ అంటే పెరిగింది. 70 కన్నా తగ్గి మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. తెలివి తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

ప్రశ్న: ఆంజియోగ్రామ్ కోసం అని తీసుకుపోయి స్టెంట్ వేసి పంపారు. సంతకం పెట్టిన కాగితంలో ఆంజియోగ్రామ్ అనే ఉందని గుర్తు. ఎట్లా వేస్తారు?
(హనుమకొండ)

జవాబు: 'గ్రామ్' అంటే రాత, బొమ్మ. టెలిగ్రామ్‌లో ఉన్నదే. ఆంజియోగ్రామ్ రక్తనాళం బొమ్మ, ఆంజియోప్లాస్టీ దాన్ని బాగుచేయడం. మొదటిది పరీక్ష, రెండోది చికిత్స, స్టెంట్ వేసేది ఇందులోనే. కాగితం మళ్లీ చూడండి: 'ఆంజియోగ్రామ్' తర్వాత కూడిక, తీసివేత గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉండి, పక్కన పీటీసీఏ అని ఉందేమో. ఆ జంట గుర్తుకు అర్థం 'అవసరమైతే అదీ చేస్తాం' అని. ఆ పీటీసీఏలో చివరి ఏ ఆంజియోప్లాస్టీయే. సంతకానికి ముందు అడగాల్సింది ఆ గుర్తు గురించే. అది నిజంగా లేకుంటే వివరణ అడిగే హక్కు మీకుంది. కానీ ఆ కోపంలో రక్తం పలచబరిచే రెండు మాత్రలు మాత్రం మానొద్దు. మానితే స్టెంట్ మూసుకుపోవచ్చు.

ప్రశ్న: అమ్మకు బీపీ. పట్నం డాక్టర్ ఒక మాత్ర, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంకో మాత్ర ఇచ్చారు. పేర్లు వేరు. రెండూ వేయవచ్చా? కళ్లు తిరుగుతున్నాయి అంటుంది.
(జనగామ)

జవాబు: కంపెనీ పేరు వదిలేయండి. షీటు వెనక చిన్న అక్షరాల్లో, 'ఐ.పి.' అన్న రెండక్షరాలకు ముందున్న పేరు చదవండి. అది మందు అసలు పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ఇలాంటి పేర్ల జాబితాలు ప్రచురిస్తోంది, ఒకే జాతి మందులకు ఒకే తోక ఉండేలా చూస్తుంది. రెండు షీట్ల మీదా తోక ఒకటే అయితే ఒకే జాతి మందు రెండుసార్లు వేస్తున్నట్టే. అమ్మ కళ్లు తిరగడానికి కారణం అదే కావచ్చు. రెండు షీట్లూ పట్టుకుని ఈ రోజే ఒక డాక్టర్‌కు చూపించండి, మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

బీపీ మందుల్లో 'సార్టాన్' (టెల్మిసార్టాన్, లోసార్టాన్), 'ప్రిల్' (రామిప్రిల్, ఎనలాప్రిల్) దగ్గరి చుట్టాలు. రెండు జాతులూ కలిపి వేస్తే పొటాషియం పెరిగి కిడ్నీలకు చేటు. ప్రిల్‌తో కొందరికి వదలని పొడిదగ్గు వస్తుంది, దగ్గు మందులెన్ని తాగినా పోదు. 'డిపిన్' (ఆమ్లోడిపిన్) వేసేవాళ్లకు చీలమండలు ఉబ్బవచ్చు. 'లాల్' (అటెనలాల్, మెటోప్రొలాల్) గుండె వేగం తగ్గిస్తుంది, ఉన్నట్టుండి మానకూడదు, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. కొన్ని షీట్లలో ఒకే మాత్రలో టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు కలిసి ఉంటాయి. చాలాసార్లు డబుల్ డోసు దొంగచాటుగా వచ్చేది అక్కడినుంచే.

తోక కురచగా పట్టుకుంటే మోసపోతారు. 'అజోల్' అంటే సరిపోదు: పాంటాప్రజోల్ గ్యాస్‌కు, ఫ్లూకొనజోల్ తామరకు, ఆల్బెండజోల్ నులిపురుగులకు, మెట్రోనిడజోల్ అమీబాకు. 'ప్రజోల్' దాకా చూసినా అరిపిప్రజోల్ ఉంది, అది మానసిక జబ్బుకు వాడేది. 'స్టాటిన్' కొలెస్ట్రాల్ మందు, కానీ నిస్టాటిన్ నోటిపూత ఫంగస్‌కు. న్యూయార్క్ స్టేట్ ప్రయోగశాలల్లో కనుక్కున్నారు కాబట్టి ఆ పేరు. 'సిలిన్' విషయంలో మాత్రం తోకను గట్టిగా నమ్మండి. పెన్సిలిన్ పడనివాళ్లు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ చూసినా వద్దని చెప్పాలి.

ప్రశ్న: నాకు కోలనోస్కోపీ రాశారు. పొట్టకు సంచి తగిలిస్తారని పక్కింటాయన అన్నాడు. పరీక్షకు పోవడం మానేశాను.
(హుజూరాబాద్)

జవాబు: ఆయన చెప్పింది కొలాస్టమీ. మీకు రాసింది స్కోపీ, అంటే గొట్టంతో లోపల చూడటం. సంచి లేదు, కోత లేదు. ముందు రోజు పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, నిజంగా కష్టమైంది అదొక్కటే. చివరికి నీళ్ల విరేచనం దాదాపు తేటగా రావాలి. రాకుంటే లోపల ఏమీ కనబడక ఇంకో రోజు మళ్లీ రమ్మంటారు. తారీఖు మళ్లీ తీసుకోండి.